కుడివైపే అరిగిన పళ్లు

మూడు వారాలుగా నా చేతులను గ్రీజు వాసన వదలడం లేదు. సబ్బుతో, శనగపిండితో, చివరికి గిన్నెలు తోమే పొడితో రుద్దినా గోళ్ల సందుల్లో అది కాపురం పెట్టింది. మధ్యాహ్నం డబ్బా విప్పితే పప్పన్నం గ్రీజన్నంలా తోస్తోంది. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. ఊడిన అట్టను అతికించడం దగ్గరే నా మరమ్మతు విద్య ఆగిపోయింది. అలాంటి నేను రోజూ తార్నాక నుంచి గంట ముందే బయలుదేరి, తోటల విభాగం వెనక రేకుల షెడ్డులో, గడ్డి కోసే ఓ పాత చిన్న ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుంటున్నానంటే కారణం ఒక్కటే. శుక్రవారం పాత సామాన్ల కమిటీ వచ్చి నడిపి చూస్తుంది. స్టీరింగు సరిగ్గా ఉంటే బండి క్యాంపస్‌లో ఉంటుంది, లేకుంటే తుక్కు కింద పోతుంది. అది మాలీగా పనిచేసిన మా బాపు ముప్పై ఏళ్లు నడిపిన బండి.

మా గల్లీ చివర స్కూటర్లు బాగుచేసే యాదగిరి ఒకరోజు వచ్చి చూశాడు. స్టీరింగు కడ్డీ చివర చిన్న పళ్లచక్రం, దాన్ని ఆనుకొని విసనకర్ర ఆకారంలో ఓ పళ్లపలక ఉంటాయట. రెంటి మధ్యా సందు పెరిగిందట. పలకను దగ్గరికి జరిపి బోల్టు బిగిస్తే చాలట. బిగించాను. కుడికి బాగానే తిరిగింది గానీ ఎడమకు బిగుసుకుపోయింది. వదులు చేశాను. ఎడమకు సాఫీగా వెళ్లింది, కుడికి మాత్రం అరచుట్టు తిప్పినా చక్రాలకు కబురందలేదు. ఎడమకు తిరుగులేని బండి, కుడికి అదుపులేని బండి; స్టీరింగుకు పట్టు లేదు, నాకేమో పట్టుదల. ఇలా తొమ్మిదిసార్లు.

"బిగిస్తున్నవా, ఇప్పుతున్నవా అక్కా?" అన్నాడు మళ్లీ చూడొచ్చిన యాదగిరి.

"రెండూ."

"గట్లయితే ఇది నీ రిటైర్మెంటు దాంక అయితది."

ఆ కోపంలో పానా కింద పడేసి, బండెక్కి కూర్చొని, ఊరికే స్టీరింగును కుడికి తిప్పుతూ ఉండిపోయాను. కుడికే ఎందుకు తిప్పుతున్నానో అప్పుడు ఆలోచించలేదు.

నా చిన్నప్పుడు క్యాంపస్ మొక్కల నర్సరీ వెనక మాకు రెండు గదుల క్వార్టరు ఉండేది. దాని ముందే గుండ్రటి పచ్చిక, పచ్చిక నడుమ వేపచెట్టు, చెట్టు కింద పసుపు పూసిన పోచమ్మ రాయి. తొలకరి పడితే గడ్డి మా మోకాళ్లు దాటేది. ఎర్రటి ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం. బాపు పిక్కలకు తడిగడ్డి అంటుకొని, ఇంట్లోకి వస్తే ఇల్లంతా పచ్చివాసనా పెట్రోలు వాసనా కలిసి కమ్మేది. ఆషాఢంలో అమ్మ వేపమండలు కట్టిన కుండలో బెల్లం బువ్వ తెచ్చి రాయి ముందు దించితే, ఎండిన విస్తరిలో మా వాటా వచ్చేదాకా ఈగలతో పోటీపడి కాచుకునేవాళ్లం. బతుకమ్మ పండుగకు ముందు బండల మధ్య గునుగు పూలు కోసి, గీరుకుపోయిన వేళ్లతో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తినేవాళ్లం. కోసిన సీతాఫలాలు బియ్యం డబ్బాలో మాగుతుంటే గంటకోసారి వేలితో నొక్కి చూసి అమ్మతో దెబ్బలు తినేవాళ్లం. కచ్చకాయలు ఆడుతున్నా, ఎక్కాలు అప్పజెబుతున్నా వెనకాల ఆ బండి చప్పుడు ఉండేది, చెట్టు అవతలికి పోతే సన్నగిల్లుతూ, ఇవతలికి వస్తే పెద్దదవుతూ.

ఒకసారి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ బాపును ఆపి, "ఎప్పుడూ ఒకే దిక్కు ఏంది మల్లయ్యా, ఇవాళ ఇటునుంచి తిరుగరాదు?" అన్నాడు.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పోచమ్మను ఎడమచేతి దిక్కు పెట్టుకొని తిరుగమంటరా సార్? గది నాతోని కాదు. వేరేటోన్ని చూసుకోండ్రి."

వేరేవాణ్ణి ఎవరూ చూసుకోలేదు. బాపు అమ్మవారిని కుడిచేతివైపు ఉంచుకొనే ముప్పై ఏళ్లు గడ్డి కోశాడు. మడ్‌గార్డు మీద కూర్చొని తిరిగిన నేనైతే ట్రాక్టర్లన్నీ కుడికే తిరుగుతాయని చాలాకాలం నమ్మాను; బళ్లో ఆ సంగతి చెప్పి నవ్వులపాలయ్యాను కూడా.

ఇంత తెలిసినదాన్ని, మూడు వారాలు బోల్టుతో కుస్తీ పట్టాను. దిగి, పలకను ఊడదీసి కిరసనాయిలుతో తుడిచి చూస్తే, కుడికి తిప్పినప్పుడు పట్టే పళ్లన్నీ ముసలి చిగుళ్లలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఎడమవి నిన్న కొన్నంత పదునుగా ఉన్నాయి. అరిగినవాటికి సరిపోయేట్టు బిగిస్తే అరగనివి ఇరుక్కోక ఏం చేస్తాయి? బాపు సంగతి విని యాదగిరి పలకను అరచేతిలో బోర్లించి చూశాడు.

"తిరగేసి బిగించు అక్కా. మంచి పళ్లు కుడికొస్తయి."

"మరి ఎడమకు?"

"ఎడమకెవరు తిప్పిండ్రు మీ ఇంట్ల?"

శుక్రవారం కమిటీలోని చిన్న వయసు ఆఫీసరు ఎక్కి, షెడ్డు చుట్టూ కుడికి రెండు చుట్లు కొట్టాడు. బండి చెప్పిన మాట విన్నది. ఎడమకు కొంచెం ఊగిసలాడింది గానీ ఆయన పట్టించుకోలేదు. "బాగుంది మేడం, ఉంచేద్దాం," అన్నాడు. ఆ రాత్రి గ్రీజన్నం కూడా రుచిగానే ఉంది.

ఉంచారు. గుండ్రటి పచ్చిక ఉన్నచోట ఇప్పుడు అద్దాల భవనం ఉంది. క్వార్టర్లు లేవు, వేపచెట్టు లేదు. రాయిని ప్రహరీ గోడకు ఆనించి పెట్టారు, చుట్టూ తిరగడానికి సందు లేకుండా. ఉన్న కాస్త గడ్డిని భుజాన యంత్రాలు తగిలించుకొని కాంట్రాక్టు మనుషులు కోస్తున్నారు. అందుకని బండికి ఆకుపచ్చ రంగేసి, నర్సరీ గేటు పక్కన దిమ్మె కట్టి, చక్రాలకు సిమెంటు పోసి నిలబెట్టారు. నేను వెళ్లేసరికి వెల్డింగ్ అతను సామాన్లు సర్దుకుంటున్నాడు.

"పోరగాండ్లు ఎక్కి తిప్పుతరని స్టీరింగుకు నాలుగు టాకాలు కొట్టిన మేడం. ఇగ ఎన్నటికీ లూజు కాదు."

రెండు చేతులతో పట్టుకొని కుడికి తిప్పి చూశాను. నిజమే, వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"మంచిగ చేసినవు," అన్నాను. అతను సంతోషంగా వైరు చుట్టుకోసాగాడు.