పంజాబు నుంచి వచ్చిన పొయ్యి

పోయిన మంగళవారం పొద్దున్నే యానాం నుంచి వచ్చిన మొదటి బస్సు కాకినాడలో మా ఇంటి ముందే ఆగింది. కండక్టరు దిగి, తల గోక్కుంటూ, "మీ పంజాబత్తగారు ఎల్లిపోయేరండి. తెల్లారగట్టంట, నిద్దట్లోనేనండి" అన్నాడు. పంజాబత్త అంటే మా మేనత్త. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు చెప్పి పంపి, అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కాను. దారిపొడుగునా ఏడుద్దామనే అనుకున్నాను. ఆవిణ్ణి తలుచుకుంటే నవ్వు తప్ప మరేమీ రాలేదు. పక్కనున్నాయన నన్ను అదోలా చూసి సర్దుకు కూర్చున్నాడు.

మేనత్త పుట్టింది యానాంలోనే. మావయ్యకి రైల్వేలో ఉద్యోగం కావడంతో పెళ్లయిన ఏడాదే పంజాబు వెళ్లిపోయింది. అక్కడ ఒక పాత ఊళ్లో ఇరవై ఏళ్లకి పైగా కాపురం చేసింది. మావయ్య అక్కడే పోయాడు. దేశం రెండు ముక్కలయ్యాక ఆ ఊరు ఇటువైపే మిగిలింది గానీ, వీధిలో సగం మంది అటువైపు వెళ్లిపోయారు. మిగిలిన సగంలో ఉండబుద్ధి కాక మేనత్త తిరిగొచ్చేసింది. అప్పటికింకా యానాంలో ఫ్రెంచి దొరలే ఉన్నారు. సరిహద్దులో సామాను సోదా చేసిన కస్టమ్స్ వాళ్లు ఆవిడ పెట్టెలోంచి కొక్కేలున్న రెండు పొడుగాటి ఇనప ఊచలు తీసి, ఇవి ఎవరి తాళాలు పగలగొట్టడానికని అడిగారట. "రొట్టెలు తియ్యడానికి బాబూ" అంటే నమ్మలేదట.

వచ్చాక కూడా "మా ఊరు" అంటే ఆ ఊరే. యానాం "మీ ఊరు". "పుట్టిన ఊరు మీ ఊరయిపోయిందేటే?" అని మా నాయనమ్మ దెప్పేది. మేనత్త వినిపించుకునేది కాదు. ఆ ఊరి గోడలు బిస్కెట్లంత పలచని ఇటుకలతో కట్టినవట. ఊరి చుట్టూ ఉన్న గోడలో ఒక్కో దర్వాజాకి, అందులోంచి పోయే దారి ఏ ఊరు చేరుతుందో ఆ ఊరి పేరట. తలపాగాలు కట్టుకున్న ఇద్దరు ఎదురుపడితే ఒకాయన గోడకి నడుం ఆనిస్తే తప్ప రెండో ఆయన కదలలేనంత ఇరుకు సందులట. అద్దకంవాళ్ల వీధిలో కాలువ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా పారేదట. ఇవన్నీ చెప్పి చెప్పి చివరికి తందూరు దగ్గరకొచ్చి ఆగేది. సాయంత్రమయ్యేసరికి వీధి ఆడవాళ్లందరూ పిండి ముద్దలు పట్టుకుని ఆ మట్టి పొయ్యి చుట్టూ చేరేవారట. సిక్కులూ, హిందువులూ, ముస్లిములూ, మధ్యలో మన తెలుగావిడా.

"నాకు పంజాబీ వచ్చింది ఆ పొయ్యి దగ్గరేనే. బూతులు ముందొచ్చేయి" అనేది నాతో.

అందుకని యానాంలో మా వీధి మొగలో పొయ్యి కట్టింది. గోదారి ఒండ్రు తెప్పించి, వరిగడ్డీ కొబ్బరిపీచూ కలిపి తొక్కి, నిలువెత్తు కాగులాంటిది లేపింది. కొందరు నుయ్యి అనుకున్నారు. మొదటిరోజు గోధుమ రొట్టెలు కాలుస్తుంటే దారిన పోయేవాళ్లందరూ ఆగి, "ఎవరికండీ జొరం?" అని పరామర్శించారు. మా వైపు గోధుమ రొట్టె పత్యం తిండి మరి. ఒకావిడ మాత్రం ముచ్చటపడి బియ్యప్పిండి కలిపి తెచ్చి లోపలి గోడకి కొట్టింది. అది ముద్దగా జారి నిప్పుల్లో పడింది. ఆవిడ మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. మేనత్త రోజూ కొబ్బరిమట్టలతో పొయ్యి రాజేసి, తన రెండు రొట్టెలు కాల్చుకుని, నిప్పు చల్లారేదాకా అక్కడే పీట వేసుకుని కూర్చునేది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆవిణ్ణి అలా చూస్తే నాకు దిగులేసేది. ఆవిడకి కావాల్సింది రొట్టె కాదని అందరికీ తెలుసు. తన చుట్టూ ఒక వీధి కావాలి. ఆ మాట పైకి అడగడం ఆవిడకి చేతకాదు.

ఒకసారి సెలవులకి నేనున్న ముసురు రోజుల్లో కథ మారింది. ఊరంతా కట్టెలు తడిసి ఏ ఇంట్లోనూ పొయ్యి అంటుకోవడం లేదు. మేనత్త దగ్గర సరుగుడు కట్టెలు పొడిగా ఉన్నాయి. ముందు చేపలమ్మే ఆవిడ వచ్చింది. విరిగిన గొడుగు ఊచలకి చందువాలు గుచ్చి, "ఇలా ఏలాడదీసెయ్యనా అమ్మగారూ?" అంది. ఆ వాసనకి వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. మర్నాటికి చిలగడదుంపలొచ్చాయి, వంకాయలొచ్చాయి, చర్చి పక్కింటివాళ్ల కోడి కూడా వచ్చింది.

అప్పుడొచ్చారు ఎదురింటి మామ్మగారు. మడీ ఆచారం గల మనిషి. దూరంగా నిలబడి, "మాకు పొద్దుటి పూట వేరే ఇయ్యమ్మా. చేపలు పెట్టకముందు మావి కాల్చుకుని పోతాం" అన్నారు.

అడిగింది తప్పేమీ కాదని మాకందరికీ అనిపించింది. మేనత్త మొహం మాత్రం పాలిపోయింది.

"ఒద్దండీ మామ్మగారూ. మా ఊళ్లో అందరం కలిసున్న ఆఖరి వేసవిలో ఇలాగే మొదలైంది. ముందు వేరే పూటలన్నారు. తర్వాత వేరే పొయ్యిలన్నారు. ఆ తర్వాత ఎవరింట్లో వాళ్లు తలుపేసుకుని పెనం పెట్టుకున్నారు. మీరడిగితే నా ఇల్లిచ్చేస్తాను. పూట మాత్రం ఇయ్యను. వేరేపూటలే కావాలంటే చెప్పండి, ఈ పొయ్యి ఇప్పుడే బద్దలుకొట్టేస్తాను" అంది. చేతిలో ఊచ ఎత్తి పొయ్యి అంచుకి ఆనించింది. ఆవిడ కళ్లనీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే.

చేపలావిడే అందుకుంది. "ఇదిగో మామ్మగారండీ, మీ మనవలిద్దరూ ఇన్నాళ్లూ దుంపలు తింటున్నది ఈ పొయ్యిలోవేనండి. నా చేపల పక్కనే కాలినియ్యండి. ఆయ్."

మామ్మగారు మనవల వంక చూశారు. వాళ్లు ఆకాశం వంక చూశారు. ఆవిడ చరచరా ఇంట్లోకి వెళ్లిపోయారు. అయిపోయింది, ఇంక గొడవే అనుకున్నాం. కాసేపటికి అరిటాకులో గట్టిగా చుట్టిన దుంపలు తెచ్చి, "ఆకుందిగా, అంటదులే. అన్నిటితోపాటే పెట్టు" అన్నారు. మేనత్త ఆ రాత్రి అన్నం తినడం మర్చిపోయి పాటలు పాడింది. గొంతు మాత్రం దేవుడు ఆవిడకి ఇవ్వలేదు.

దొరలు వెళ్లిపోయాక, పక్కనున్న అడవిపొలం కుర్రాడొకడు సైన్యంలో చేరి పంజాబులో మేనత్త ఊరి మీదుగా వెళ్లొచ్చాడు. దర్వాజాలు లారీలకి అడ్డమని పడగొట్టేశారనీ, పలచటి ఇటుకలు బళ్లమీద తోలుకుపోతున్నారనీ, అద్దకం వీధి కాలువ మామూలు మురుగే పారుతోందనీ చెప్పాడు. మేనత్త ఒక్కటే అడిగింది. "తందూరుందా?"

"దాని మీద సైకిల్ షాపు కట్టేరండి."

ఆవిడ పొయ్యిలోకి ఇంకో మట్ట తోసింది. తర్వాత, "పోన్లే. పంచర్లయితే నలుగురూ అక్కడికే చేరతారు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఆ రోజు అర్థం కాలేదు, ఇప్పుడు అపురూపంగా ఉంది.

మంగళవారం నేను చేరేసరికి ఆవిణ్ణి తీసుకెళ్లిపోయారు. వీధిలో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. ఆడవాళ్లందరూ మొగలో చల్లటి తందూరు చుట్టూ నిలబడి ఉన్నారు. చావు జరిగిన పూట నిప్పు రాజెయ్యకూడదని కొందరు, ఆవిడ పోయిన రోజునే దీన్ని చల్లార్చడమేమిటని కొందరు. తేలక, అందరూ మామ్మగారి వంక తిరిగారు. ఊరికి శాస్త్రం చెప్పేది ఆవిడే.

మామ్మగారు కళ్లు తుడుచుకుని, "ఆ నియమం ఇంట్లో పొయ్యికి. ఇది వీధిది. రాజెయ్యండి" అన్నారు.

చేపలావిడ పిండి ముద్ద లోపలి గోడకి కొట్టింది. మొదటి రొట్టె జారి బూడిదలో పడింది. ముందు నవ్వింది మామ్మగారే. ఇంక ఎవరం ఆపుకోలేకపోయాం. గోదావరిలో స్నానం చేసి తడిబట్టలతో తిరిగొస్తున్న మగవాళ్లు మా నవ్వులు విని మలుపులోనే ఆగిపోయారు. తర్వాత ఒక్కొక్కళ్లే దగ్గరకొచ్చి, నిప్పు చుట్టూ చోటు చేసుకుని నిలబడ్డారు. వాళ్ల పంచెల్లోంచి ఆవిరి లేస్తోంది.