లుంగీ గుడ్డ పైజామా

ఆ మైదానంలో పాటలు జరిగిన ప్రతి ఏప్రిల్‌లోనూ నేను గేటు దగ్గరే నిలబడ్డాను. అప్పట్లో నేను రాయగడలో హోమ్‌గార్డుని. కొరాపుట్ నుంచి సెమిలిగుడ వెళ్లే దారిలో, నీలగిరి చెట్ల పక్కన ఏటవాలుగా ఒక మైదానం ఉంది. ఎండాకాలంలో మూడు సాయంత్రాలు అక్కడ కొండ ఊళ్ల నుంచి, మైదాన ప్రాంతాల నుంచి పాడేవాళ్లు, డప్పులు వాయించేవాళ్లు, ధింసా ఆడేవాళ్లు వచ్చేవారు. వినడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. ఆడవాళ్ల వరసకు తనిఖీ చేసే మనుషులు చాలరని మమ్మల్ని కూడా బస్సెక్కించి పంపేవారు.

నా పని తేలికే. వచ్చిన ఆడమనిషిని చేతులెత్తమనాలి. భుజాల నుంచి చీలమండల దాకా తడమాలి. సంచి విప్పించి చూడాలి. పొమ్మనాలి. వేదిక నా వెనక ఉండేది. పాటలన్నీ నేను వీపుతోనే విన్నాను. ఎవరు పాడుతున్నారో, ఆడమనిషో మగమనిషో చూద్దామన్నా తల తిప్పే వీలుండేది కాదు. తిప్పితే వరస ఆగిపోయేది.

ఖాకీ ప్యాంటు, లోపలికి దోపిన చొక్కా, వెడల్పాటి బెల్టు, టోపీ, బూట్లు, నైలాన్ మేజోళ్లు. చలికాలంలో ఆ బట్ట మంచిదే. ఏప్రిల్ ఎండలో మాత్రం ఒంటికి అతుక్కుపోయేది. చెమట వీపు మీదుగా దిగి బెల్టు దగ్గర ఆగేది. ఎక్కడికీ పోయే దారి లేదు దానికి. నడుం చుట్టూ చెమటకాయలు లేచేవి. అవి పగిలి మండుతుంటే గోకడానికి కూడా లేదు, వరసలో అందరూ చూస్తుంటారు. రాత్రి బసకి వెళ్లగానే చొక్కా ఉతికి ఫ్యాను కింద ఆరేసుకునేదాన్ని. పొద్దునకి సగం ఆరేది. ఆ తడితోనే వేసుకుని మళ్లీ వెళ్లేదాన్ని.

ఇన్నేళ్లు తడిమినందుకు ఆడవాళ్ల బట్టల గురించి నా చేతులకి కొంత తెలుసు. పెద్ద ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు మొదటిరోజు బిగుతు జీన్సులో, ఎత్తు చెప్పుల్లో వచ్చేవారు. రెండోరోజుకి వాళ్లే కొరాపుట్ బజారులో ఏదో వదులు బట్ట కొనుక్కుని, చెప్పులు కరిచిన చోట పట్టీలేసుకుని వచ్చేవారు. ఇలాంటివి అలవాటున్నవాళ్లు మొదటి నుంచే వేరుగా ఉండేవారు. పల్చటి నూలు గాగ్రాలు, మోకాళ్ల దాకా వచ్చే చొక్కాలు, అన్నదమ్ములవో మొగుళ్లవో అనిపించే పెద్ద చేతుల షర్టులు, అరిగిన తోలు చెప్పులు, మెడలో పూసలు. తెల్లవి వేసుకున్నవాళ్ల అంచులు సాయంత్రానికి ఎర్రమట్టి రంగుకి తిరిగేవి. వాళ్లు దాన్ని పట్టించుకునేవారు కారు.

నాకప్పుడు అవేమీ నచ్చేవి కావు. ఇంట్లో నైటీ వేసుకున్నట్టు నలుగురిలోకి రావడమేమిటి అనుకునేదాన్ని. కానీ ఒకసారి నా వయసే ఉన్న ఒకామె వచ్చింది. నీలిరంగు పొడుగు చొక్కా, కింద వదులు పైజామా. చేతులెత్తమంటే ఎత్తింది. తడుముతుంటే నా చేతి కింద గుడ్డ తగిలింది గానీ మనిషి తగలలేదు. గుడ్డకీ ఒంటికీ మధ్య గాలి ఆడుతోంది. ఆమె నన్ను చూసి నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఆ గాలే గుర్తొచ్చింది నాకు. ఆమె ఎలా ఉందో ఇప్పుడు గుర్తులేదు.

తర్వాత మోకాళ్లు పోయాయి. నిలబడే పని మానుకోమని డాక్టరు చెప్పాడు. మానేశాను. మా ఆయన లారీ మీద ఉంటాడు, డొరగుడ నుంచి విశాఖపట్నం, విశాఖపట్నం నుంచి డొరగుడ. ఇంటికి వచ్చే రోజులు తక్కువ. పని మానేశాక ఇల్లంతా నాదే. అయినా తెల్లారకముందే లేచేదాన్ని. లేచి చేసేదేమీ లేక గడప దగ్గర కూర్చునేదాన్ని. పగలు పడుకుంటే నిద్రపట్టేది కాదు. డ్యూటీ మానేశాను గానీ అలసట మానలేదు.

మా అమ్మాయి సెమిలిగుడ జంక్షన్‌లో రెడీమేడ్ బట్టల కొట్లో పనిచేస్తుంది. అక్కడే గది తీసుకుని ఉంటోంది. మొన్నటి ఏప్రిల్‌కి ముందు ఫోను చేసి, ఈసారి మైదానానికి నువ్వూ రా, జనంలో జనంలాగా కూర్చుని విందువుగాని అంది. పెద్దమ్మని కూడా తీసుకురమ్మంది. పెద్దమ్మ అంటే మా అప్ప, నాకంటే పెద్దది. గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసే ఇంట్లో ఇచ్చారు. పెసలు కోసేసి తీరికగానే ఉంది. ఏదో ఒకటి, కూర్చునే పనే కదా అని బయలుదేరింది.

సెమిలిగుడ గదికి చేరేసరికి మంచం మీద బట్టలు పరిచి ఉన్నాయి. కొట్లో పని అయ్యాక దర్జీ మిషను మీద తనే కుట్టిందట. మెత్తటి పల్చటి నూలుతో మోకాళ్ల కిందికి వచ్చే చొక్కా, నీలం అద్దకం, రెండు పక్కలా జేబులు. దాని కింద గళ్ల లుంగీ గుడ్డతో కుట్టిన పైజామా. చూడగానే నాకు నీరసం వచ్చింది.

"అమ్మీ, నాను ఖాకీ పేంటు ఇప్పి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. మల్లీ పేంటేటి?" అన్నాను.

"ఇది పేంటు కాదమ్మా. దీనికి బెల్టు నేదు, బొందే," అంది.

అప్పకి కూడా ఒక గాగ్రా కుట్టింది. అప్ప దాన్ని ఎత్తి పట్టుకుని చూసి, మడిచి జాగ్రత్తగా పక్కన పెట్టేసింది. చేలోకి వెళ్లేటప్పుడు కట్టుకునే పాత నేతచీరే కట్టుకుంది, చీలమండల పైకి, చెంగు నడుముకి చుట్టి. అమ్మాయి కాసేపు అలిగి, తర్వాత అప్పని తేరిపార చూసి, పెద్దమ్మని అలాగే ఉండనిద్దాం అంది. డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లు కూడా చివరికి అలాంటి కట్టే కోరుకుంటారట.

నేను తలుపేసుకుని ఆ పైజామా వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాకు నేనే కొత్తగా ఉన్నాను. యూనిఫాంలో భుజాలుండేవి, నడుముండేది. ఇందులో ఏవీ లేవు, మెడ నుంచి పాదాల దాకా గుడ్డే. బయటికి రావడానికి సిగ్గేసింది. అమ్మాయి నా మెడ చుట్టూ ఒక తువ్వాలు వేసింది. ఎండకి తల మీద, దుమ్ముకి ముక్కు మీద, పొద్దు వాలాక చలికి భుజాల మీద, అన్నిటికీ అదే అంది. కొత్త చెప్పులు వద్దని నా పాతవే తుడిచిపెట్టింది. గుడ్డసంచిలో నీళ్లు, ఒక సీసాలో చోడంబలి, అంటే రాగి అంబలి, పెట్టుకున్నాం.

ఆటోలో సంచి తొడల మీద పెట్టుకుని కూర్చున్నాను, పైజామా గళ్లు కనబడకుండా. దారిలో ఎవరూ నన్ను చూడలేదు. చూస్తారని నేననుకున్నానంతే.

గేటు దగ్గర ఆడవాళ్ల వరసలో కొత్తపిల్ల ఉంది ఖాకీలో. చొక్కా కాలరు చెమటకి నల్లబడింది. ఒడియాలో మౌసీ, అంటే పిన్నీ అని పిలిచి, చేతులెత్తమంది. ఎత్తాను. ఆ పిల్ల చేతులు వేగంగా, బరువుగా ఉన్నాయి, నావీ అలాగే ఉండేవి కాబోలు. మధ్యమధ్య నీళ్లు తాగుతుండమ్మా అని ఒడియాలోనే చెప్పాను. ఎందుకు చెబుతున్నానో అర్థంకాక తలూపి, వెనకామెని పిలిచింది. నేనెవరో చెప్పుకోవాలనిపించలేదు.

నీలగిరి చెట్టు నీడలో చాప పరుచుకున్నాం. పక్కన విశాఖపట్నం నుంచి వచ్చిన ఆడపిల్లలు పొడుగు గాగ్రాల్లో, వదులు చొక్కాల్లో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్ల మధ్య నా గళ్ల పైజామా ఏమంత వింతగా లేదు. ఎదురుగా వేదిక. మొదటిసారి నాకు వేదిక మీది మొహాలు కనబడ్డాయి. కాశీపూర్ వైపు నుంచి వచ్చిన ముసలివాళ్లు డప్పులు ఎండకి చూపించి, వేళ్లతో కొట్టి, చెవి పెట్టి చూసుకుంటున్నారు. ఒకామె గొంతు సవరించుకుంటోంది. ఇదంతా ఇన్నేళ్లూ నా వెనక జరిగిందా అనుకున్నాను.

బొందు కొంచెం వదులు చేసుకున్నాను. చెట్టుకి ఆనుకున్నాను. కింది నుంచి గాలి పైజామాలోకి వచ్చి మోకాళ్ల దాకా పాకింది. వాచిన మోకాళ్లకి చల్లగా తగిలింది. అప్పుడేమయిందో నాకు సరిగా తెలియదు. ఇన్నేళ్లు బెల్టూ బూట్లూ పట్టి నిలబెట్టిందేదో ఒక్కసారి వదిలేసినట్టయింది. చేతులు బరువెక్కాయి. డప్పు మొదటి దెబ్బ విన్నాను. రెండోది విన్నానో లేదో.

తర్వాతి సంగతి అప్ప చెప్పగా తెలిసింది. చెట్టుకి ఆనుకున్నదాన్ని మెల్లగా జారి చాప మీద పడుకున్నానట. నోరు తెరిచి గురక కూడా పెట్టానట. ఒక పాట అయింది, రెండయ్యాయి, ఆటవాళ్లు దిగారు, జనం లేచి వాళ్లతో కలిసి ఆడారు. నేను కదల్లేదు. అమ్మాయికి ఉండబట్టక లేపబోయిందట.

"పెద్దమ్మా, లేపుదుమా? అమ్మ ఇనాలనే గదా ఇంత సేసేను," అందట.

"పడుకోనీయే. ఇన్నేళ్లూ నిలబడి ఇన్నాది. ఒకపాలి పడుకొని ఇంటాది, ఏటవుద్ది?" అందట అప్ప. తువ్వాలు తీసి నా మొహం మీద కప్పిందట, ఈగలు వాలకుండా.

నాకు మెలకువ వచ్చింది వాన చినుకులకి. గాలి లేచింది. జనం చాపలు చుట్టుకుని పరుగెత్తుతున్నారు. వేదిక మీద మైకులకి పట్టా కప్పుతున్నారు. ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు గానీ ఆ రోజుకి పాటలు అయిపోయాయి. నేను లేచి కూర్చుని ఎక్కడున్నానో పోల్చుకునేసరికి అమ్మాయి సీసాలు సంచిలో వేస్తోంది. నా వైపు చూడలేదు.

ఆటోలో ముగ్గురం తడిసి కూర్చున్నాం. ఆ పల్చటి గుడ్డ దారిలోనే సగం ఆరిపోయింది. ఖాకీ అయితే తెల్లారినా ఆరేది కాదు. ఆ మాట అమ్మాయితో అందామనుకున్నాను. తన మొహం చూసి అనలేదు.

గదికి వచ్చాక అడిగింది.

"పాటలకి వచ్చేవా, నిద్దరకి వచ్చేవా అమ్మా?"

గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టమనిపించింది. దర్జీ మిషను దగ్గర ఎన్ని సాయంత్రాలు కూర్చుందో నాకు తెలియదు. నాకు తెలీకుండానే పట్టేసింది అమ్మీ అన్నాను. అలా నిద్రపట్టి ఎంతకాలమైందో కూడా గుర్తులేదన్నాను. అది మాత్రం నిజం.

తడిబట్టలు మార్చుకుంటుంటే తువ్వాలు అందించడానికి వచ్చింది. నా నడుం చూసి ఆగిపోయింది. బెల్టు ఉండేచోట చుట్టూ నల్లటి పట్టీలాగా మచ్చ ఉంది, చెమటకాయలు పగిలి పగిలి మానినది. నేను దాన్ని మర్చిపోయాను, అద్దంలో నడుం చూసుకునే అలవాటు నాకు లేదు. అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నిద్రపోయి ఉండేది.

ఒక వేలితో ముట్టుకుని, నొప్పుందా అని అడిగింది. లేదన్నాను. పైజామా తీసుకెళ్లి నీళ్లలో జాడించి, కిటికీ ఊచలకి ఆరేసి, కొబ్బరినూనె సీసా తెచ్చి నా పక్కన పెట్టి పోయింది.

మర్నాడు ఇంకో సాయంత్రం పాటలున్నాయి. వెళ్లాలని మనసులో ఉంది గానీ మోకాళ్లు ముడుచుకోవడం లేదు. అప్పకి ఇంటి దగ్గర గొడ్లున్నాయి. అమ్మాయికి సాయంత్రం దాకా కొట్లో పని. మధ్యాహ్నం బస్సెక్కేద్దామని నేనే అన్నాను. పోదామన్న మాట నోటి నుంచి రాగానే కొంచెం బాధ, కొంచెం తేలిక. అమ్మాయి కాదనలేదు. కొట్టు నుంచి అరగంట అడిగి వచ్చి బస్సెక్కించింది. నేను ఆ పైజామాలోనే ఉన్నాను. సంచి ఈసారి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.

బస్సు ఘాటీలో మెలికలు తిరుగుతోంది. అప్ప కిటికీ పక్కన, నేను ఇవతల. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఫోను మోగింది, అమ్మాయి. యజమానిని బతిమాలి తొందరగా కొట్లోంచి బయటపడిందట, ఒక్కత్తే మైదానానికి వెళ్లిందట. నిన్న నువ్వు వినని వాళ్లే ఇప్పుడు ఎక్కుతున్నారు, ఫోను పెట్టెయ్యకు అంది. తర్వాత తన గొంతు ఆగిపోయి గాలి హోరు, జనం మాటలు, వాటి వెనక ఎక్కడో ఒక ఆడగొంతు.

బస్సు మోతలో పాట ముక్కలుముక్కలుగా వచ్చింది. మాటలు దేశియావి, కొండ ఊళ్లలో మాట్లాడే ఒడియా, నాకు సగమే అర్థమవుతాయి. వడ్లు దంచడమో, వాన రావడమో. నేను రెండో చెవి మూసుకుని విన్నాను.

"ఏటి పాడతన్నారు?" అంది అప్ప.

ఫోను తన చెవికి పెట్టాను. కళ్లు చిన్నవి చేసుకుని కాసేపు విని, "డప్పొకటే ఇనబడతంది," అంది. అయినా ఇవ్వకుండా అలాగే పట్టుకుంది. నేను తన భుజానికి ఆనుకుని ఇద్దరి మధ్యకి ఫోను లాక్కున్నాను. డప్పు ఇంకా మోగుతోంది. ఎదురుగా ఖనిజం లారీలు వరసగా వస్తుంటే బస్సు పక్కకి తీసి ఆగింది. ఇంజను ఆపినంతసేపు పాట శుభ్రంగా వినబడింది. లారీలు దాటాక బస్సు మళ్లీ కదిలింది, రెండు మలుపులు తిరిగేసరికి సిగ్నలు పోయింది.

"అయిపోనాదా?" అంది అప్ప.

వాళ్లింకా పాడుతూనే ఉంటారని చెప్పాను. ఫోను జేబులో వేసుకుని, కాళ్లు ముందు సీటు కిందికి చాపుకున్నాను.