వంకర చిటికెనవేలు

పాల నాణ్యత పరీక్షించే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. రోజంతా సూక్ష్మజీవులతోనే సావాసం. కంటికి కనబడని ఆ జీవాలు ఆమెను ఏనాడూ విసిగించలేదు. విసిగించిందల్లా ఫోనులో కనబడే ఒక మనిషి.

పాపను చేర్చిన క్రెష్‌లో తల్లిదండ్రులకో వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒక పిల్లాడి తండ్రి, కార్ల షోరూములో అమ్మకాలు చూసే ఆయన, సాయంత్రాలు ఆరోగ్యం మీద వీడియోలు చేసి పెడుతుంటాడు. జలుబు దగ్గర మొదలుపెట్టినా, నిద్ర దగ్గర మొదలుపెట్టినా చివరికి స్టీలు సామాన్ల దగ్గరే తేలతాడు కాబట్టి ఆమె, భర్త కలిసి ఆయనకు స్టీలుబాబాయ్ అని పేరు పెట్టుకున్నారు. స్టీలు గ్లాసులో పోస్తే క్రిములు వాటంతటవే చచ్చిపోతాయని బాబాయ్ సిద్ధాంతం. ఆయన ఏం పెట్టినా వెనకే చప్పట్ల బొమ్మలు బారులు తీరతాయి. అది నిజం కాదని ఆమె ఒకసారి ఓపిగ్గా రాసింది. పుస్తకాల చదువు వేరు, అనుభవం వేరు తల్లీ అని ఆయన జవాబిచ్చాడు. దానికీ చప్పట్లే.

గ్రూపులోంచి బయటికొచ్చెయ్, పీడా పోతుంది అన్నాడు భర్త. క్రెష్ సెలవుల సంగతి అందులోనే చెబుతారు, ఎలా వస్తానంది. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు. ఆమెకు గెలవాలని ఉంది.

మాటలు వినని వాళ్లకు కళ్లతో చూపిస్తే సరి అనుకుంది. ల్యాబులో పెద్ద గాజు ప్లేట్లు ఉంటాయి. అడుగున జెల్లీలాంటి పోషకం పోసి, దానిమీద చేయి ఆనించి, వెచ్చగా రెండు రోజులు ఉంచితే చేతిమీది సూక్ష్మజీవులు పెరిగి చుక్కలు చుక్కలుగా కనబడతాయి. కడగాల్సింది గ్లాసును కాదు, చేతిని అని ఒక్క ఫొటోతో తేల్చెయ్యొచ్చు. ముందు తన చేతి ముద్రే తీసుకుంది. సాయంత్రం పాపను తీసుకురావడానికి వెళ్తూ ఇంకో ప్లేటు సంచిలో పెట్టుకుంది.

క్రెష్‌లో పిల్లల్ని చూసే ఆయమ్మ చిటికెనవేలు ఎప్పుడో తలుపు సందులో నలిగి, కొక్కెంలా వంకరగా అతుక్కుంది. పాప పిడికిలికి ఆ వంపు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అది పట్టుకుంటే తప్ప మధ్యాహ్నం కన్ను మూయదు.

"ఆయమ్మా, ఒకసారి చేయి ఇందులో మెల్లగా ఆనించవా?"

ఆయమ్మ ఏప్రానుకు చేయి తుడుచుకుని బుద్ధిగా ఆనించింది. "పిల్లల అచ్చులు రంగుల్లో తీస్తారే, అలాంటిదేనా అమ్మా? నాది కూడా గోడకి పెడతారా ఏంటి?" అని నవ్వింది. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. ఎందుకో చెప్పలేదు.

రెండు రోజులకు రెండు చేతులూ మొలిచాయి. తెల్లవీ పసుపువీ చుక్కలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. అందులో వింతేమీ లేదు. ఎవరి చర్మం మీదైనా కాపురముండేవే, చాలావరకు ఎవరికీ హాని చెయ్యనివే. నిజం చెప్పాలంటే ఆమె ప్లేటులోనే ఎక్కువ చుక్కలున్నాయి. కానీ తన ముద్ర కాస్త చెదిరింది, ఆయమ్మది బొమ్మ గీసినట్టు వచ్చింది. అందుకే అది ఎంచుకున్నానని తనకు తాను చెప్పుకుంది. పేరు రాయకుండా గ్రూపులో పెట్టి, స్టీలు గ్లాసు పట్టుకునే చేయి ఇలా ఉంటుంది, ముందు దీన్ని కడగండి అని రాసింది.

అన్నం తింటుంటే ఫోను మోగుతూనే ఉంది. చప్పట్లు. ఈసారి ఆమెకు. ముద్ద ముద్దకీ ఫోను వంక చూసుకుంది.

భర్త ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఈ చిటికెనవేలు వంకరగా ఉందేంటి?"

ఆమె ఫోను లాక్కునేసరికి, ఇది మన ఆయమ్మ చెయ్యి కదూ అని ఒక తల్లి అప్పటికే అడిగేసింది. ఇంకాసేపటికి స్టీలుబాబాయ్ ఆ వేలి చుట్టూ ఎర్ర గీత గీసి, మన పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నారో చూడండి అంటూ వీడియో పెట్టాడు. క్రిములు వాటంతటవే చచ్చిపోతాయన్న మనిషికి ఇప్పుడు అవి ఎక్కడ చూసినా కనబడుతున్నాయి.

అందరి చేతులూ ఇంతేనని ఆమె పెద్ద వివరణ రాసింది. ఎవరూ చదవలేదు. తెల్లారి ల్యాబుకు పరుగెత్తి, పారేసే డబ్బాలోకి వెళ్లబోతున్న తన ప్లేటును ఆపి, ఫొటో తీసి, ఇది నా చేయి అని పేరుతో సహా పెట్టింది. ల్యాబుల్లో పనిచేసేవాళ్లతోనూ పిల్లలకు జాగ్రత్త అవసరమని దీన్నిబట్టి తెలుస్తోంది అన్నాడు బాబాయ్. చప్పట్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. క్రెష్ నడిపే మేడమ్‌ను కలిస్తే, నాకు తెలియదా అమ్మా, కానీ ఇద్దరు పిల్లల్ని మానిపిస్తామంటున్నారు, గ్లవ్స్ వేయించి ఊరుకున్నాను, ఉద్యోగం తీసెయ్యలేదుగా అంది.

ల్యాబులో సెలవు చెప్పి మధ్యాహ్నమే పిల్లల గదిలోకి వెళ్లింది. అందరూ పడుకున్నారు, పాప తప్ప. ఏడ్చి ఏడ్చి ముఖం కందిపోయింది. ఆయమ్మ గ్లవ్ చేతితో జోకొడుతోంది. వంకర వేలికి ఆ గ్లవ్ సరిపోక చివర ఖాళీ తొడుగు వేలాడుతోంది. పాప దాన్ని పట్టుకుంటే జారిపోతోంది.

"ఆ ఫొటో మీరు తీసిందేనటగా అమ్మా." గొంతులో కోపం లేదు. "గోడకి పెడతారేమో అనుకున్నా."

"తప్పు నాది ఆయమ్మా. నీ చేతికేం కాలేదు. నా చెయ్యి నీ చేతికంటే అన్యాయంగా ఉంది. ఆ గ్లవ్స్ తీసెయ్. పాప తల్లిని, నేను చెప్తున్నా కదా."

"మీరు చెప్తే తీసేస్తా. రేపు ఇంకొకళ్లు చూస్తే?" ఆయమ్మ పాప దుప్పటి సర్దింది. "వద్దులేమ్మా. ఈ పని నాకు కావాలి."

ఆమె వంగి తన చిటికెనవేలు పాప పిడికిట్లో పెట్టింది. పాప ఏడుపాపి ఆ వేలిని తడిమింది. తిన్నగా ఉన్న వేలు. వదిలేసి, రెండు చేతులూ ఆయమ్మ వైపు చాచింది.

ఆయమ్మ తన చేతులు వెనక్కి పెట్టుకుంది.