ఆసుపత్రిలో మా వాటా

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో పెట్టుబడి ఉంది, నిరీక్షణ ఉంది, ఒక వంశం పరువు ఉంది, కత్తి పట్టిన మనిషి కూడా ఉన్నాడు. అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఉన్నది మా అవ్వ మోకాలు. అదీ ఎడమది ఒక్కటే.

కర్నూలులో మా మామకు బట్టల అంగడి ఉంది. డిగ్రీ చదివి అక్కడ చీరలు మడతపెట్టేది నేను. మామ వాళ్లమ్మే మా అవ్వ. నేల మీద వేసి తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ఎదురుగా చీరలు పరిపించి బేరమాడటం కొత్తకోడలుగా వచ్చిన నాటి నుంచి ఆమె పని. మోకాలు మొరాయించాక ఆమెను ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చాం.

"కుర్చీలో కూసుంటే నేనే బేరానికొచ్చిన దాని మాదిరి ఉండాదిరా. మల్లా పరుపు మీద కూసోవల్ల. నాకింకేమొద్దు" అనేది అవ్వ.

మోకీలు మార్చాలన్నారు డాక్టర్లు. పెద్ద ఆసుపత్రిలో రేటు కనుక్కుని మామ దుడ్లు సిద్ధం చేశాడు గానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అంగడోళ్లు అంగడోళ్లకు అసలు ధరకే ఇవ్వడం మావాళ్ల ఆనవాయితీ. మందుల షాపాయన మా దగ్గర చీర అట్లే కొంటాడు, మేం ఆయన దగ్గర మాత్రలు అట్లే కొంటాం. ఆసుపత్రికి మామ పూర్తి రేటు కట్టడమంటే కులం తప్పినట్టే.

ఆ ఆసుపత్రి కంపెనీ షేర్లు మార్కెట్లో దొరుకుతాయని ఒకరోజు మాటవరసకు అన్నాను.

"కొంటే మనం భాగస్తులమే కదా?"

"లెక్కకు అంతే మామా."

"అట్లయితే ఆపరేషన్ మనకు అసలు ధరకే చేస్తారప్పా."

"అట్లుండదు మామా."

"నీకు యాపారం తెల్దు. నువ్వు కొను."

ఆపరేషన్ డబ్బు నా ఫోనులోంచి షేర్లలోకి పోయింది. కాస్త పెరిగాక పోదామని మామ, కుర్చీలో అవ్వ.

వానలు పడ్డాయి. మా ఇల్లున్న కల్లూరులో కొత్త ఇళ్ల మధ్య గుంతల్లో నీళ్లు నిలిచి ఇంటింటా జ్వరాలొచ్చాయి. షేరూ పెరిగింది. రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. మామ మాత్రం కలిపేశాడు. పొద్దున గల్లాపెట్టెకు ఊదుబత్తి తిప్పేవాడు కాస్తా నా ఫోనుకూ తిప్పడం మొదలుపెట్టాడు. "సామీ, ఈ పొద్దు గిరాకీ బాగుండాల." చీరల అంగట్లో ఆ మొక్కు తీరాలంటే ఎవరికో పెళ్లి కుదరాలి. ఫోనులో తీరాలంటే ఏం కావాలో తలుచుకుని ఆ పొగకు దూరంగా జరిగాను. ఊదుబత్తి రకం మంచిది కాదని సర్దిచెప్పుకుని, ధర ఎంతుందో చూశాను. పెరిగింది. సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం ఇప్పటికీ నాకు రోతే.

అవ్వ కుర్చీలోంచి అడిగింది. "రేయ్, ఎదురింటి పాప జరంతో మూల్గుతాండాది. నువ్వు ఊదుబత్తి తిప్పుతాండావా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం లేదుమా."

"లేకుంటే ఎందుకు తిప్పుతాండావు మరి?"

మామ ఇంకో ఊదుబత్తి వెలిగించాడు.

చివరికి ముగ్గురం ఆసుపత్రికి పోయాం. మామ యజమాని నడక నడిచాడు. ఎవరూ లేనిచోట తిరుగుతున్న ఫ్యాను ఆపి, "మన కరెంటప్పా" అన్నాడు. హాలు నిండా రోగుల్ని చూసి తృప్తిగా తలాడించాడు. బిల్లులు కట్టేచోట మా ముందు తువ్వాలు భుజాన వేసుకున్న పల్లెటూరాయన నిలబడి, "చేతి తొడుగులకు ఇంతా తల్లీ? మనిషికెన్ని చేతులుండాయి?" అని అడుగుతున్నాడు. మామ నా చెవిలో, "చూడు, ఎట్ల పిండుతారో. ఊరికే పెరగలేదు షేరు" అన్నాడు. ఆ మెచ్చుకోలు వింటుంటే ఆ హాల్లోనే ఉమ్మేద్దామనిపించింది. ఉమ్మితే జరిమానా అని గోడ మీద రాసుంది. అందులోనూ మా వాటా ఉంటుంది.

మా వంతు వచ్చింది. మామ నా ఫోను కౌంటరులో అమ్మాయి ముందు పెట్టాడు.

"పాపా, మేమూ దీంట్లో భాగస్తులమే. అసలు ధరకు వెయ్యి."

"ఏ ఇన్సూరెన్స్ సార్?"

"ఇన్సూరెన్స్ కాదుమా. ఓనర్లం."

"ఓనర్లకు ప్యాకేజీ లేదు సార్. పక్కకు జరగండి."

ఆమె ఇచ్చిన కాగితంలో తొడుగులు మాకూ ఉన్నాయి, అదే ధరకు. మోకీలు రేటు పెరిగింది. షేర్ల మీద వచ్చిన లాభం సరిగ్గా ఆ పెరిగినదానికి సరిపోయింది. ఇన్నాళ్లూ మా ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకుంటూ, దారిలో ఆ తువ్వాలాయన జేబు కూడా కొట్టామన్నమాట.

అవ్వ ఇంకా ఆయన వైపే చూస్తోంది. "మనంగట్లో నేను యానాడూ ఇట్ల చేయలేదురా. అమ్మేయండి వాటిని. నన్ను పరుపు మీద కూసోబెట్టండి, చాలు" అంది.

అమ్మేశాం. పూర్తి రేటు కట్టాం. ఆపరేషన్ ముందురోజు డాక్టరు గదికి వచ్చినప్పుడు మామ చేతులు కట్టుకుని అడిగాడు. "సార్, మాయమ్మ అంగట్లో పరుపు మీద ఎప్పటికి కూసుంటాది?"

మోకీలు మార్పించుకున్నవాళ్లు నేల మీద కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. కుర్చీ వాడాలట.