పెరటి వసారాలో కంప్యూటర్ పాఠం

మా ట్యూషన్ సారు పాఠం బాగా చెప్పేవారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను ఆయన సంగతి ఎత్తగానే వినేవాళ్ళు, "పోనీలే, పాఠం చెప్పడం రాని మనిషేమో" అని నాకు సర్దిచెప్పడానికి చూస్తారు. ఎంత చిక్కు విషయాన్నయినా విడదీసి చేతిలో పెట్టేవారు ఆయన. నా కోపం ఆయనకి రానిదాని గురించి కాదు.

మాది ఫిషింగ్ హార్బరు పక్కనున్న పేట. నాన్న బోటు మీద వేటకెళ్తాడు. అమ్మ తెల్లారేసరికి హార్బరులో వేలం పాడి చేపలు కొని, ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి ఆటో మాట్లాడుకుని కూర్మన్నపాలెం వెళ్తుంది. అక్కడ స్టీల్ ప్లాంటు ఉద్యోగులుండే వీధుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్ముతుంది. నన్ను డిగ్రీ కంప్యూటర్ సైన్సులో చేర్పించింది అమ్మే. ఆ మాట ఆమెకి సరిగ్గా నోరు తిరగదు గాని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది.

మా కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటరుకి ముగ్గురం. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్ళు కీబోర్డు ముందు కూర్చునేవారు, వాళ్ళ చేయి వేగం కాబట్టి. లేనివాళ్ళం వెనక నిలబడి చూసేవాళ్ళం. వచ్చినవాళ్ళు కూర్చుని, నేర్చుకోవలసినవాళ్ళు నిలబడే ఈ ఏర్పాటు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో నాకిప్పటికీ తెలీదు. ఫోన్లో వీడియోలు చూసుకోవచ్చు కదా అంటారు కొందరు. వీడియోలు చూసి ఈత నేర్చుకున్నవాణ్ణి మా పేటలో నేనెవర్నీ చూడలేదు.

ల్యాబు పరీక్షలో నాకు ఒకటి నుంచి వంద దాకా అంకెలు చూపించే చిన్న ప్రోగ్రాము వచ్చింది. రాశాను. ఒక్కో అంకె దాటి ముందుకి జరగమని చెప్పే లైను ఒకటి మర్చిపోయాను. రన్ నొక్కగానే తెర మీద ఒకటి, ఒకటి, ఒకటి అంటూ వరద మొదలైంది. ఆగదు. దాన్ని ఎలా ఆపాలో నాకెవరూ చూపించలేదు. కాగితం మీద రాసిన ప్రోగ్రాము ఎప్పుడూ పరిగెత్తదు కదా, ఆపే అవసరం ఏముంటుంది? కంప్యూటరు పాడుచేసేశానని బెంబేలెత్తి గోడకున్న స్విచ్ కట్టేశాను. ఆ స్విచ్చుకే తగిలించిన పక్క కంప్యూటర్లు కూడా ఆరిపోయాయి. పక్కవాళ్ళు గోల పెట్టారు.

"పరీక్ష రాయడానికొచ్చావా, కరెంటు తియ్యడానికొచ్చావా?" అన్నారు ఎగ్జామినర్. అందరూ నవ్వారు. ల్యాబు పోయింది.

మళ్ళీ పోతే డిగ్రీ చేతికి రాదు. డిగ్రీ రాకపోతే నాకూ తట్టే. నాన్న ఆ మాట అనేశాడు కూడా. అమ్మ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. "నా గుంట తట్టెత్తదు. నానెత్తింది సాల్దా?" అంది. గుంటంటే మా వైపు ఆడపిల్ల.

అమ్మ చేపలమ్మే వాడుక ఇళ్ళలో ఒకటి మా సారుది. ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు ఇంట్లో కంప్యూటర్ ట్యూషన్ చెప్పేవారు. ముందు గదిలో కంప్యూటర్లు వరసగా పెట్టి, ఏసీ కూడా పెట్టించారు. అమ్మ ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంటి పెరటి గుమ్మం దగ్గర తట్ట దించేది. అక్కడే అడిగింది. "మా గుంటకి కంపూటరు సెప్పండి బాబూ. బుర్ర ఉన్న గుంటే. సెయ్యి తిరగలేదంతే" అని. ఆయన సరేనన్నారు. ఫీజు అందరితో సమానమే. అందులో మాత్రం తేడా చూపించలేదు.

నేను, నా క్లాసులో చదివే వన్ టౌన్ అమ్మాయి కలిసి చేరాం. వాళ్ళ నాన్నకి పాతపోస్టాఫీసు దగ్గర పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే కొట్టు ఉండేది. మొదటి రోజు ఇద్దరం ముందు గదిలోకి వెళ్ళాం. నేను కూర్చోగానే సారు భార్య వచ్చి అగరొత్తులు వెలిగించారు. సాయంత్రం దీపం వేళ కదా అనుకున్నాను. మర్నాడు నేను వెళ్ళేసరికి సారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏసీ వేస్తాం కదమ్మా, తలుపులు మూసేస్తాం. మిగతా పిల్లలు కాస్త ఇబ్బంది పడుతున్నారు. నువ్వేమీ అనుకోకు. వెనక వసారాలో కుర్చీ వేయించాను. కిటికీ తీసి ఉంచుతాను, నా మాట నీకు బాగా వినబడుతుంది" అన్నారు.

ఆ 'అమ్మా' వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కసిరినా బాగుండేది, తిరిగి ఒక మాటనేదాన్ని. అంత మెత్తగా చెప్పేసరికి నేనే తప్పు చేసినదానిలా తలూపి వెనక్కి నడిచాను. అది అమ్మ తట్ట దించే వసారాయే. వాషింగ్ మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కిటికీలోంచి సారు గొంతు వినిపించేది, బోర్డు సగం కనిపించేది. కంప్యూటర్లు మాత్రం కనిపించవు. లోపల పిల్లలు టకటకా కొడుతుంటే, బయట నేను ఒళ్ళో అట్ట పెట్టుకుని ప్రోగ్రాములు రాసుకునేదాన్ని. ఏ కీబోర్డు అందక పరీక్ష పోయిందో ఆ కీబోర్డే నాకు దక్కకుండా, గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పుతున్నారన్నమాట.

ఒకరోజు అడిగాను. "సార్, ఒక్కసారి సిస్టమ్ మీద చేసి చూస్తాను."

"ముందు థియరీ గట్టిపడనీ అమ్మా. తొందరేముంది?" అన్నారు. నాతో చేరిన మిగతావాళ్ళకి థియరీ వారం తిరక్కుండానే గట్టిపడింది.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. సారు మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె తన చేతులు వాసన చూసుకుంది. "సారు మంచోరే. మన వాసన మనకి తెలవదు. ఆల్లకి తెలస్తాది" అంది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో నా బతుకే మారిపోయింది. నా బట్టలు అమ్మ ముట్టుకోవడం మానేసింది. వాటిని పిన్నివాళ్ళ మేడ మీద ఆరేయించేది. ట్యూషన్‌కి బయల్దేరే ముందు నిమ్మ చెక్కలతో నా చేతులు రుద్దించేది, అదీ చెల్లి చేత. నేను పక్కన కూర్చోబోతే "దూరంగా కూకో, అంటుకుంతాది" అనేది. ఆ రోజుల్లో నా తల దువ్వడం కూడా మానేసింది. కన్నతల్లి నాకు దూరంగా జరిగి కూర్చుంటుంటే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చేవి. ఎవరి మీద చూపించాలో తెలియక చెల్లి మీద అరిచేదాన్ని.

అంతటితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది? మావాళ్ళలో, మేలు చేసినవాళ్ళకి ఆ రోజు పడిన చేపల్లో మంచిది తీసి ఇవ్వడం ఆనవాయితీ. కూతురికి చదువు చెబుతున్నారని వారం వారం ఒక వంజరం పక్కన పెట్టి, కడిగి, ముక్కలు కోసి ఆ ఇంటికి ఊరికే ఇచ్చొచ్చేది. చేప వాసన పడదన్న మనిషిని చేపలిచ్చి మంచి చేసుకోవాలనుకోవడం మావాళ్ళకే చెల్లింది. ఆయన వద్దన్నారా? ఏనాడూ అనలేదు. ఆదివారం పూట ట్యూషన్ ఉంటే, వంటింట్లో వేగుతున్న ఆ వంజరం ఘుమఘుమ నేరుగా వసారాలోకి వచ్చేది. ఆ వాసనకి ఏసీ గదిలో ఎవరూ ఇబ్బంది పడలేదు.

అలాంటి ఒక ఆదివారం ఇంటికొస్తూ బస్సులో నా స్నేహితురాలు, అదే ఆ వన్ టౌన్ అమ్మాయి దగ్గర బరస్టయిపోయాను.

"నీ దగ్గర ఏ వాసనా రాదు. మేమెవరం సార్‌కి ఏమీ చెప్పలేదు. అంతా ఆయనే అనుకున్నాడు" అంది ఆమె. బస్సు దిగబోతూ, "మా కొట్టుకి రా. మధ్యాహ్నం నాన్న నమాజుకెళ్ళి, భోంచేసి వచ్చేదాకా సిస్టమ్ ఖాళీ" అంది.

వెళ్ళాను. శుభలేఖల బొత్తుల మధ్య ఒక పాత కంప్యూటరు. స్పేస్ మీట గట్టిగా నొక్కితే తప్ప పడేది కాదు. ముందుగా పరీక్షలో నన్ను ముంచిన ఆ ప్రోగ్రామునే అదే తప్పుతో కావాలని కొట్టాను. మళ్ళీ ఒకటి, ఒకటి, ఒకటి. నా చెయ్యి అప్పుడే స్విచ్ వైపు పోయింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కంట్రోల్, సి కలిపి నొక్కు."

నొక్కాను. ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

రెండు మీటలు. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరైనా ఒక్కసారి చూపిస్తే సరిపోయే పని. దానికి నేను అందరి నవ్వులు పడ్డాను; ఒక పరీక్ష, వసారాలో నెలల కాలం, నా తల దువ్వే మా అమ్మ చేతుల్ని పోగొట్టుకున్నాను. ఆరోజు సంతోషించాలి గాని, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలోనే నేర్చుకున్నాను. ఆమె తప్పు చెయ్యనిచ్చేది, తప్పు ఎక్కడుందో నన్నే వెతకమనేది. ట్యూషన్ మానేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. సాయంత్రం వసారాలో వినడం, మర్నాడు మధ్యాహ్నం కొట్టులో చెయ్యడం.

ల్యాబు పాసయ్యాను. ఊరికే పాసవడం కాదు, మంచి మార్కులతో. ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మ ఆయాసపడుతూ ఇంటికొచ్చింది. "ఒలమ్మా, నీ బొమ్మ ఏసీసినారే సారు ఇంటి ముందర! ఎంత పెద్దదో!" అని.

వెళ్ళి చూశాను. గేటు మీద ఫ్లెక్సీ. మా విద్యార్థుల విజయాలు అంటూ ముఖాలు, మొదటి వరసలో నాది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నా ఫొటో తీసెయ్యమని అడగడానికి వెళ్ళానా, సారు చెయ్యి పట్టుకున్నంత పని చేసి ముందు గదిలోకి పిలిచారు. కుర్చీ వేశారు. కూల్ డ్రింక్ తెప్పించారు. సబ్బవరం నుంచి ఎవరో భార్యాభర్తలు కూతుర్ని చేర్పించడానికి వచ్చి ఉన్నారు.

"చెప్పమ్మా వీళ్ళకి, మన కోచింగ్ ఎలా ఉంటుందో" అన్నారు సారు.

ఆ తండ్రి ఎదురుగా ఉన్న కంప్యూటర్ చూపిస్తూ, "దీని మీదే నేర్చుకున్నావా అమ్మా?" అని అడిగాడు.

ఇలాంటి చోట్ల నేను పుస్తకం భాష మాట్లాడతాను. ఆరోజు రాలేదు. "లేదండి. నాను సదూకున్నది ఎనక వసారాలో. మా అమ్మ సేపలమ్ముతాది. నాను లోపలికొత్తే గది వాసనేత్తాదని సారు బయట కూకోబెట్టినారు. ఈ కంప్యూటరు మీద నాను సెయ్యేనా ఎయ్యలేదు" అన్నాను.

సారు నవ్వబోయారు. నవ్వు కుదరలేదు. "పాసయ్యావు కదమ్మా, ఇంకా కోపం ఎందుకు?" అన్నారు. సబ్బవరం నుంచి వచ్చిన ఆ తండ్రి తన కూతురి వైపు చూసి, వాళ్ళని తీసుకుని లేచాడు. నా ఫొటో మర్నాటికి లేదని అమ్మే చెప్పింది, బాధపడుతూ.

ఇప్పుడు మధురవాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు దగ్గరే అద్దెకుంటున్నాను. అమ్మ వచ్చినప్పుడు ఎండగా ఉందని ఏసీ వేసి తలుపులు మూస్తే, ఆమె చప్పుడు చెయ్యకుండా లేచి బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంటుంది. "లోపలికి రా అమ్మా" అంటే, "ఒద్దే, నీ గది పాడైపోతాది" అంటుంది. పక్కన కూర్చుని చెప్పాను, బతిమాలాను, అరిచాను కూడా.

ఆయన మీద కోపం ఇంకా పోలేదా అని నా స్నేహితురాలు అడుగుతుంటుంది. మా అమ్మ ఏసీ గదిలో హాయిగా ఒక కునుకు తీసిన రోజున పోతుందేమో చూస్తాను.