అత్త వంతు, ఆరు తుపాకులు

ఈ మధ్య కంపెనీ బస్సులో నా పక్కన ఒక కొత్త అమ్మాయి కూర్చుంటోంది. మాత్రల కంపెనీలో నేను పనిచేసే ప్యాకింగ్ సెక్షన్‌లోనే చేరింది. బస్సు ఎక్కినప్పటి నుంచి గేటు వచ్చేదాకా తల ఎత్తదు, ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతూనే ఉంటుంది. మొన్న ఊరికే అటు చూశాను. నాకు తెలిసిన ఆటే. బొమ్మ చుట్టూ ఆరు తుపాకులు, ఆరూ ఆరు రకాలు. ఈ పిల్ల ఇప్పుడు చస్తుంది అనుకున్నాను. చచ్చింది. నా నోరు ఊరుకోలేదు. "అన్ని ఒక్కటే రకం తీస్కోవాలె చెల్లే, గిట్ల కలగూరగంప జేస్తే ఎట్ల?" అన్నాను. ఆ అమ్మాయి ఫోన్‌ను, నన్ను, నా ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బాను మార్చి మార్చి చూసింది. "నువ్వు గేమ్ ఆడ్తవా అక్కా?" అంది. నేను ఆడింది తక్కువ. ఆడింది మా అత్త.

అప్పట్లో మేం చౌటుప్పల్‌లో హైవేకి కొంచెం లోపల ఒక రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన లారీ డ్రైవరు. పోతే ఎప్పుడు వస్తాడో ఆ లారీకే తెలియాలి. పిల్లకు మూడేళ్ళు. అత్తకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా బావ, దేవరకొండ దగ్గర ఊళ్ళో వ్యవసాయం చేస్తాడు. అన్నదమ్ములు భూమి పంచుకున్న రోజే తల్లిని కూడా పంచుకున్నారు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా పెద్ద కొడుకు దగ్గర, ఆ తర్వాతి అమావాస్య దాకా మా దగ్గర. దాన్ని వంతు అంటారు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇంతే. ఎవరి వంతు వాళ్ళు తప్పకుండా చూస్తే మంచి కొడుకులు అన్నట్టు. తల్లికి ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. మా అత్త మాత్రం ఒక్క చోట కుదురుగా కూర్చోలేని మనిషయింది. వచ్చిన వారానికే "పెద్దోని బర్రె ఈనిందో లేదో" అంటూ వాకిట్లో తిరిగేది. అక్కడికి పోయాక "చిన్నోని పిల్ల తిన్నదో లేదో" అని ఫోన్ చేసేది. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకి లేచే ఉండేది, ఎవరో పిలిస్తే వెంటనే పోవాలన్నట్టు.

ఆ ఆటను ఇంట్లోకి తెచ్చింది మా తమ్ముడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేసేవాడు. ఒక మూల అద్దం పగిలిన పాత ఫోన్‌లో ఎక్కించి పిల్ల కోసమని ఇచ్చాడు. పిల్ల కంటే ముందు అత్త పట్టుకుంది. టోపీ పెట్టుకున్న ఒక చిన్న బొమ్మ, చుట్టూ కంచె. నాలుగు దిక్కుల నుంచీ పురుగుల్లాంటి జంతువులు మీదికి వస్తాయి. ఒక గుంపు అయిపోతే కాసేపు ఆగుతుంది. అప్పుడు మూడు వస్తువులు చూపించి ఏదో ఒకటి తీసుకోమంటుంది: కొత్త తుపాకీ గానీ, ఉన్నదానికి బలం గానీ, బొమ్మకు ప్రాణం గానీ. తర్వాత ఇంకా పెద్ద గుంపు. చస్తే అన్నీ పోతాయి, మళ్ళీ ఉత్త చేతులతో మొదటి నుంచి.

"గురి మీరు పెట్టొద్దు అత్తమ్మా," అని మా తమ్ముడు నేర్పాడు. "తుపాకి దాని పని అది జేస్తది. మీరు ఉరకాలె, గంతే."

"గంతేనా? గది నాకు అలవాటే గదా పిలగా. పెండ్లైనకాడికెల్లి ఉరుకుతనే ఉన్న."

మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్త గడప మీద, పిల్ల ఆమె వీపు మీద, ఇద్దరి కళ్ళూ ఫోన్‌లో. చచ్చిన ప్రతిసారీ అత్త జంతువుల్ని తిట్టేది, పిల్ల ఆ తిట్లు వంటబట్టించుకునేది. అత్త చావడానికి కారణం ఒక్కటే. ఆమెకు ఏదైనా పంచిపెట్టే బుద్ధి. ఆరు తుపాకులంటే ఆరు రకాలు తీసుకునేది. ఈసారి బలం ఒకదానికి ఇస్తే మళ్ళీసారి ఇంకోదానికి. "ఒక్కదానికే పెట్టి మిగిలినయి ఎండబెడ్తమా? పాపం గాదా?" అనేది. మా తమ్ముడు నెత్తి కొట్టుకునేవాడు. రెండు ఒకే రకానివి కలిపితే ఒక పెద్దది అవుతుందని, ఒకే రకం ఎన్ని ఎక్కువ ఉంటే అంత బలమని చెప్పీ చెప్పీ వాడి గొంతు పోయింది. అసలు తిప్పలు ఇంకోటి ఉంది. గుండ్లు చిమ్మే పొట్టి తుపాకీ దగ్గరికి పోతేనే తగులుతుంది. పొడుగు తుపాకీ దూరం నుంచి కొట్టాలి. రెండూ ఉంటే బొమ్మ ఎక్కడా నిలబడలేదు. దగ్గరికి ఉరుకుతుంది, దెబ్బ తిని దూరం ఉరుకుతుంది, మళ్ళీ దగ్గరికి. చివరికి ఏ మూలనో చిక్కి చుట్టుముట్టించుకుంటుంది. "మూలకు పోవద్దు, గుండ్రంగ తిరుగు," అని మా తమ్ముడు అరుస్తుంటే అత్త బొటనవేలు అద్దం మీద అటూ ఇటూ ఉరికేది. చూడలేక నేను పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

చేలల్లో పత్తి ఏరే రోజులు దగ్గర పడ్డాయి. అప్పుడే కంపెనీలో ఒక మాట పుట్టింది. మా కాంట్రాక్టు వాళ్ళలో కొందరిని పర్మనెంట్ చేస్తారట. వచ్చే నెలంతా ఒక్క రోజు కూడా మానకుండా పొద్దటి షిఫ్టుకు వచ్చినవాళ్ళనే చూస్తారట. ఐదో తరగతితో ఆగిపోయిన నాకు అలాంటి మాట మళ్ళీ వినబడుతుందని నమ్మకం లేదు. కానీ ఆ నెల మాది కాదు, పెద్దవాళ్ళ వంతు. మామూలుగా అత్త లేని నెలల్లో నేను పనే మానుకునేదాన్ని. అత్త లేకపోతే తెల్లవారకముందే పిల్లను ఎవరి దగ్గర విడిచిపెట్టను? మా తమ్ముడికి వాడి గదిలో వాడి అన్నమే వండుకోవడం రాదు. మా ఆయనకు ఫోన్ చేశాను. లారీ చప్పుడులోంచి, "అమ్మను ఆపుకుంటమని అన్నకు ఎట్ల చెప్తనే? వదిన ఊకుంటదా?" అన్నాడు. నిజమే. మా యారాలు, అంటే బావ భార్య, పత్తి ఏరడానికి పొద్దునే చేనుకు పోవాలి. అప్పుడు ఇల్లు, బర్రె అత్త మీదే. ఆమెకు అత్త ఎంత కావాలో నాకూ అంతే కావాలి. అమావాస్య దగ్గర పడుతుంటే నేను మాత్రల డబ్బాలు సర్దుతూ లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని.

నోరు తెరిచి అడగడం రాక ఒకరోజు అత్త పక్కన కూర్చున్నాను. "అత్తా, ఈసారి దూరం కొట్టేటియే తీస్కో. అన్ని ఒక్కటే రకం. రెండు దిక్కుల ఉరుకుడు ఎందుకు?" అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, ఆమె ఒకసారి నా మొహం చూసింది. ఆ రోజు వేరే రకాలు ఎన్ని చూపించినా ముట్టుకోలేదు. పొడుగు తుపాకులే తీసుకుంది, కలిపింది, మళ్ళీ తీసుకుంది. ప్రాణం తగ్గినప్పుడు ఒక్కసారి మాత్రం బొమ్మకు ప్రాణం పెంచే ఆకుమందు తీసుకుంది. కంచె పొడుగునా పెద్ద చుట్టు తిరుగుతూ పోయింది. గుంపులన్నీ ఆమె వెనక ఒక్క తోకలాగా సాగుతూ వచ్చి దూరంలోనే రాలిపోయాయి. ఎప్పుడూ చూడని గుంపులు వచ్చాయి. చివర్లో కొమ్ములున్న పెద్దది వచ్చింది. అది కూడా కూలింది. అద్దం మీద రంగు కాగితాలు రాలుతుంటే అత్త ఫోన్‌ను బోర్లా పెట్టింది.

"గెలిచిన. ఇగ చెప్పు, నువ్వు అడగదల్సుకున్నది ఏంది?"

చెప్పాను. ఏడుపు రాకూడదనుకుంటూనే ఏడ్చాను. అత్త పిల్ల జుట్టు సర్దింది.

"ఐదు తీర్ల తుపాకులు పక్కకు పడేసిన. ఒక్కటన్న అడిగిందా నన్ను? గవ్విటికి నోరు లేదు బిడ్డా. నా పెద్ద కోడలికి ఉన్నది. చేన్ల పత్తి రాలుతాందని నిన్ననే ఫోన్ల ఏడ్సింది. నువ్వేమో ఈడ ఏడుస్తున్నవ్. నేనెవల దిక్కు కొట్టాలె?"

తెల్లారి నేను సెలవు పెట్టడానికి మాటలు కూర్చుకుంటుంటే ఆమే అంది: "నా వంతుకు నేను పోత. పిల్లను నాతోటి తోలు. నీ డ్యూటీ నువ్వు జేస్కో."

"పిల్ల నన్నిడిసిపెట్టి ఉంటదా అత్తా?"

"పిల్ల ఉంటది. నువ్వే ఉండవు."

అలాగే అయింది. అమావాస్య రోజు బస్సు కిటికీలోంచి పిల్ల నాకు చెయ్యి ఊపలేదు, డ్రైవరు హారన్ కొడితే నవ్వుతూ ముందుకే చూసింది. ఆ నెల నేను ఒక్క షిఫ్టు కూడా తప్పలేదు. ఇంటికి వస్తే ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చేదాన్ని. రోజూ ఫోన్ చేస్తే మా యారాలు ఎత్తి, "నీ బిడ్డ నా బిడ్డ గాదా? అన్నం బెడ్తలేననుకుంటున్నవా?" అని కోపం చేసి, మళ్ళీ తనే నవ్వి పిల్లకు ఇచ్చేది. పిల్ల నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది కాదు. "అమ్మా, పత్తి కుప్పల దుంకుతున్న, ఫోన్ వెట్టెయ్," అనేది. అక్కడ అన్నంలోకి ఏం తిందో, రాత్రి ఎవరి పక్కన పడుకుందో అడుగుదామనుకునేలోపే ఫోన్ చేతులు మారిపోయేది.

నా పేరు పర్మనెంట్ వాళ్ళలో ఎక్కింది. ఆ మాట విన్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇద్దరికి రాలేదు, వాళ్ళవైపు చూడలేకపోయాను. మళ్ళీ అమావాస్యకు అత్త పిల్లను తీసుకుని దిగింది. పిల్ల నల్లబడింది, గొంతు మొత్తం దేవరకొండ గొంతు అయింది. స్నానం చేయించి, పోయేముందే కొంచెం బిగుతైతే ఇంట్లో ఉంచి పోయిన చెప్పులు తొడగబోయాను. మడమ బయటికే ఉంది. ఎంత తోసినా పట్టలేదు. "పొట్టిగైనయే, కొత్తయి కొను," అంది అత్త వెనక నుంచి మామూలుగా. నేను ఆ పాదం చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. మానకుండా, తప్పకుండా, గడియారం చూస్తూ నేను గడిపిన నెల ఒకటి ఉంది గానీ, అసలు నెల గడిచింది ఆ చిన్న పాదంలో, నేను లేని చోట.