మొదటి ప్రశ్నకు బోణీ

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను నిలదీయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను చూసిన బల్లి వీధి చివరికి వెళ్లేసరికి ఉడుమవుతుంది, రెండో వీధి దాటితే మొసలి. మా ఆవిడ నేను చెప్పే ఏ సంగతినైనా నాలుగుతో భాగించుకుని గానీ వినదు. మీరూ అలాగే వినండి. అయితే ఇందులో పెంచి చెప్పినవి ఎన్ని ఉన్నా, జరగనిది జరిగినట్టు చెప్పింది ఒక్కటే ఉంది. అదేదో ఆఖర్న నేనే ఒప్పుకుంటాను.

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. బరంపురం లంజిపల్లిలో స్కూటర్లు బాగుచేసే కొట్టు మీద ఒక మేడగది. బిజినెస్ స్కూళ్ల ఎంట్రన్స్ పరీక్షకు నేను లెక్కలు చెప్పేది ఆ గదిలోనే. ఇరవై రెండేళ్లుగా అక్కడే చెబుతున్నాను. ఆ గది ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరుగుతుందంటే, దాని మీద ఒక పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి పెద్దచేసి పంపించింది. మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం వైపునుంచి గాలి వస్తుంది. అప్పుడిక ఆ గదిలో ఎవరూ పూర్తి మెలకువలో ఉండరు. కింద స్కూటర్లు దగ్గుతుంటాయి, పైన పిల్లలు కళ్లు తెరిచే కలలు కంటుంటారు, నేను బోర్డు మీద గీసిన వృత్తం మెల్లగా చంద్రుడిలా మారిపోతుంటుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పరీక్షలో మూడు సెక్షన్లు. ఒక్కోదానికి నలభై నిమిషాలు, అది అయిపోతే వెనక్కి వెళ్లనివ్వరు. ప్రశ్నలన్నీ చేయమని ఎవరూ అడగరు. మనకు వచ్చినవి ఏరుకోవడమే అసలు విద్య. చివర్న ఇచ్చేది పర్సంటైల్, అంటే నూరుమందిలో మన వెనక ఎంతమంది ఉన్నారన్న లెక్క. అసలు పరీక్షకు ముందు కంప్యూటర్ మీద ఉత్తుత్తి పరీక్షలు రాయిస్తాం. వాటిని మాక్ అంటాం.

ఆ ఏడాది నా దగ్గర ఉమ అనే అమ్మాయి ఉండేది. ఇరవై నాలుగేళ్లు. గిరిసోల నుంచి రోజూ పొద్దున్న పాసింజరు బండిలో వచ్చేది. అప్పటికే రెండుసార్లు పరీక్ష రాసింది, ఇది మూడోది. మొదటి మాక్‌లో ఎనభై నాలుగు పర్సంటైల్. రెండో మాక్‌లో ఎనభై నాలుగు. మూడు, నాలుగు, అయిదు... ఏడో మాక్‌లోనూ ఎనభై నాలుగే. పట్టాల మీద పడుకున్న గేదెలా ఆ అంకె కదల్లేదు. నేను ఫార్ములాలు రాయించాను, కుర్చీ మార్పించాను, కాఫీ మానిపించాను, మళ్లీ తాగించాను. గేదె తోక కూడా ఊపలేదు.

విచిత్రం ఏమిటంటే, తీరిగ్గా అడిగితే ఆ పిల్లకు రాని లెక్క లేదు. కొన్నిసార్లు నాకు రానివి కూడా తనే చెప్పేది. అప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక తను మాత్రం ఉండిపోయింది.

"మాస్టారూ, మా నాన్న మిమ్మల్నొకసారి రమ్మన్నాడు."

"ఏమిటమ్మా విశేషం?"

"బోర్డెప్పుడు ఎక్కించాలో అడుగుతాడట."

వాళ్ల నాన్న సత్యం గారికి గిరిసోలలో కిరాణా కొట్టు. రెండో కొట్టు కోసం ఇచ్ఛాపురంలో ఒక గది మాట్లాడి పెట్టాడు. ఈసారి కూడా సీటు రాకపోతే ఉమ ఆ కొట్టు చూసుకోవాలి. మాట ఇచ్చింది. బోర్డు కూడా రాయించేశాడు: 'ఉమా జనరల్ స్టోర్స్', పక్కన ఒక తామరపువ్వు.

"రోజూ అన్నం తినేకాడ ఎదురుగుంటాది మాస్టారూ. నానే గోడవైపు తిప్పీసినాను. బాగులేదని కాదు. ఎంత బాగుందంటే, సూస్తే ఎక్కడ సరేననీస్తానో అని బయం." పుస్తకాలు సర్దుకుంటూ, "కొట్టు నడపడం నాకొచ్చు. రానిదేదో నేర్సుకుందావనే గదా ఈ బాదంతా," అంది.

కంటతడి పెట్టుకుని ఉంటే ఓదార్చేవాణ్ని. తను పెట్టుకోలేదు. పెన్ను మూత తీస్తూ, పెడుతూ నిలబడింది. వచ్చే ఆదివారం వస్తానని చెప్పాను.

ఆదివారం తెల్లవారుతూనే పాసింజరెక్కాను. గిరిసోల ఎంతో దూరం కాదు, గట్టిగా అరగంట. కానీ ఆ పొద్దున్న ఆ బండి నన్ను రెండు మూడు జన్మలు తిప్పి దింపింది. పొలాల మీద పొగమంచో, వానో, కలో తెలియని తెల్లదనం. మొగలిపూలు విచ్చే రోజులు. కిటికీలోంచి ఆ వాసన వచ్చి పక్కన కూర్చునేది, ఒక స్టేషన్‌లో దిగి మరో స్టేషన్‌లో ఎక్కేది. నాకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒడియాలో మొదలుపెట్టిన వాక్యాన్ని తెలుగులో ముగించి, మధ్యలోనే నిద్రపోయాడు. రెండు రాష్ట్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని కునుకు తీసే చోటు అది.

సత్యం గారి కొట్టు స్టేషన్‌కు ఎదురుగానే. తలుపులు అప్పుడే తీశారు. సాంబ్రాణి పొగ, బెల్లం దిమ్మలు, మిరియాల ఘాటు. ఆయన స్నానానికి వెళ్లాడు. గల్లాపెట్టె దగ్గర ఉమ ఉంది. నన్ను చింతపండు బస్తా మీద కూర్చోబెట్టి, వేడి టీ ఇచ్చింది. మెత్తటి బస్తా అది. ఇంద్రుడి సింహాసనం కూడా అంత మెత్తగా ఉండదని నేను పూచీ పడగలను.

మొదటి బేరం వచ్చింది. పక్క పల్లెనుంచి ఒక ఒడియా తాత. ఇంట్లో ఏదో విందట, చేంతాడంత జాబితా. ఒక బెల్లం దిమ్మ గిల్లి నోట్లో వేసుకున్నాడు, కళ్లు మూసుకుని ఆలోచించాడు. మరో దిమ్మ గిల్లాడు. అది అయ్యాక పప్పు, పప్పయ్యాక మళ్లీ బెల్లం. ఈలోగా అగ్గిపెట్టె కోసం ఒకావిడ, సబ్బు కోసం ఒకాయన, టీపొడి కోసం ఇద్దరు వచ్చారు. అందరికీ ఉమది ఒకటే మాట:

"ఉండండమ్మా, బోణీ అవనీండి."

బోణీ అంటే పొద్దుటి మొదటి బేరం. దాన్ని ఉత్తిచేతులతో పంపితే ఆ రోజంతా కొట్టు కలిసిరాదని ఆ ఇంటి నమ్మకం. వచ్చినవాళ్లు కాసేపు నిలబడ్డారు. తరవాత అగ్గిపెట్టె ఆవిడ తప్ప అందరూ ఒక్కొక్కరే జారుకుని, వీధి చివరి కొట్టుకు వెళ్లిపోయారు. తాత మూడో దిమ్మ గిల్లాడు.

నాకు చప్పున వెలిగింది. మాక్ అయ్యాక కంప్యూటర్ ఒక టైమ్ రిపోర్ట్ ఇస్తుంది, ఏ ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో చూపించే కాగితం. ఉమ కాగితాల్లో ప్రతి సెక్షన్‌లోనూ మొదటి ప్రశ్నకు పది నిమిషాలు, పదకొండు నిమిషాలు పడేవి. పిల్ల దండం పెట్టుకుంటోంది కాబోలని నేను పట్టించుకోలేదు. అది దండం కాదు, బోణీ! మొదటి ప్రశ్న ఎంత మొండిదైనా దాన్ని వదలదు. మూడు సెక్షన్లు, మూడు బోణీలు. ఈలోగా వచ్చిన సులువు లెక్కలన్నీ గుమ్మంలో నిలబడి, నిలబడి వెళ్లిపోతున్నాయి.

అంతలో సత్యం గారు తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఒక్క చూపు చూసి, తాతను భుజం పట్టి బల్ల మీద కూర్చోబెట్టాడు. "టికే బసంతు, ఆజ్ఞా," అన్నాడు. కాస్త కూర్చోండి అయ్యా, అని. చేతిలో టీ గ్లాసు పెట్టాడు. అగ్గిపెట్టె కోసం వచ్చినావిడ ఇంకా అక్కడే ఉంది. అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాడు. బోణీ అయిపోయింది. చిల్లర కళ్లకద్దుకున్నాడు. ఆ తరవాత తాత టీ తాగేలోపు ఎనిమిదిమందికి సరుకు కట్టాడు. టీ అయ్యేసరికి తాతకు ఏ బెల్లం కావాలో తేలిపోయింది కూడా.

నేను లేచి అడిగాను. "సత్యం గారూ, మొదట వచ్చిన మనిషిని వదిలేసి ఇంకొకరికి బోణీ చేశారు. తప్పు కాదా?"

ఆయన నావైపు జాలిగా చూశాడు.

"వదిలీసినానేటి మాస్టారూ? నా బల్ల మీదే గదా కూకున్నాడు. నా బల్ల మీదున్నంతసేపూ నా బేరవే. పొమ్మంటే తప్పు గానీ, కూకోమంటే తప్పేటి?"

ఉమ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. "ఇన్నేళ్లూ నాకీ ముక్క సెప్పలేదేటి నాన్నా?"

"నువ్వడిగినావేటే? బోణీ పెట్టీసి బండికి పరిగెత్తుతావు. బల్లెప్పుడు సూసినావు?"

పరీక్ష తెర మీద మార్క్ ఫర్ రివ్యూ అని ఒక బటన్ ఉంటుంది. ప్రశ్నను తరవాత చూద్దామని పక్కన పెట్టడానికి. నేను ఏడు మాక్‌ల ముందు ఏడుసార్లు దాని గురించి చెప్పాను. ఉమ ఒక్కసారీ నొక్కలేదు. నొక్కితే బేరాన్ని గుమ్మం దాటించినట్టే అనిపించేదట. ఆ సోమవారం నుంచి దాన్ని బల్ల అనుకుంది. మొండి ప్రశ్న వస్తే, పెదవులు కదిలీ కదలకుండా "టికే బసంతు" అనడం, సులువైనదాన్ని వెతికి బోణీ చేయడం. ఎనిమిదో మాక్‌లో గేదె లేచి నిలబడింది: ఎనభై తొమ్మిది. దసరా నాటికి తొంభై మూడు. నవంబరులో అసలు పరీక్షలో తొంభై ఆరు. భువనేశ్వర్‌లో ఒక మంచి బిజినెస్ స్కూల్లో సీటొచ్చింది.

మిఠాయి పొట్లంతో సత్యం గారు మా మేడ మెట్లెక్కి వచ్చాడు. ఇంతకీ బోర్డు సంగతేమిటని అడిగాను. "గోడకాడే ఉంది," అన్నాడు. పొట్లం తాడు విప్పబోయి మళ్లీ ముడేశాడు. నవ్వి సర్దుకున్నాడు. "కూకోనీండి. పొమ్మన్నానేటి?"

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. పిచ్చుక గూడు నిజం కాదనుకుంటున్నారు కదూ? గూడు నిజమే, పిల్లలు పెద్దవయ్యేదాకా మాత్రం లేదు. గేదె, మొగలివాసన, బోర్డు మీది తామర, తొంభై ఆరు, అన్నీ నిజమే. జరగనిది ఒక్కటే: నాకు చప్పున వెలగడం. మూడో దిమ్మ గిల్లేవరకే నాకు తెలుసు. ఆ పొగలో, ఆ వాసనలో, ఆ బస్తా మీద నేను హాయిగా నిద్రపోయాను. కొట్టులో నిలబడి, తండ్రి చేసింది చూసి, తన మాక్‌లు గుర్తు తెచ్చుకుని, ఆ ప్రశ్న అడిగింది ఉమే.

తిరుగు బండి కోసం నిలబడినప్పుడు ప్లాట్‌ఫారం మీద అదంతా తనే నాకు చెప్పింది. నేను గంభీరంగా తల ఊపి, "నేనూ సరిగ్గా అదే అనుకున్నానమ్మా," అన్నాను.

"తెలుసు మాస్టారూ," అంది ఉమ. "మీరు గురక పెడతంటే తాత బెల్లం నమలడం మానీసి మిమ్మల్నే సూసినాడు."

అప్పటినుంచి కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఒక్క ఫార్ములా కూడా చెప్పను. మీ ఇంట్లో పొద్దున్నే ముందు ఏం చేస్తారో చెప్పండి, అని అడుగుతాను. వాళ్లు చెబుతున్నంతసేపూ మేలుకునే ఉంటాను. ఈ మాటను నాలుగుతో భాగించక్కర్లేదు.